మైపాడు నుండి పెంచలకోనకు: అరవై దాటినవారి సైకిలు దారి

అరవై ఏళ్ళు దాటిన తరువాత సైకిలు తొక్కవచ్చునా అని అడిగేవారు నాకు కొత్త కాదు. తొక్కవచ్చును, తొక్కాలి కూడా అని ఎన్నో ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాను. అయితే ఈ రెండు మూడు సంవత్సరాలుగా ఆ ప్రశ్న మారింది. "డాక్టరుగారూ, చదును రోడ్డు మీద అలవాటయింది. పడమటి కొండల దాకా పోవచ్చునా?" అని అడుగుతున్నారు. అడిగేవారిలో రక్తపోటు మాత్రలు వేసుకొనేవారున్నారు, మధుమేహులున్నారు, గుండెకు స్టెంటు వేయించుకొన్నవారు కూడా ఉన్నారు. ఒక్క మాటలో అవునని గాని కాదని గాని తేల్చదగిన ప్రశ్న కాదిది. అందువలన ఈ వ్యాసం కొంత పొడవైనది. ఓపికగా చదవమని మనవి.

నెల్లూరు నేలకు ఒక సౌలభ్యం ఉంది. తూర్పున బంగాళాఖాతం, పడమట వెలిగొండలు, ఆ రెంటి నడుమ పెన్నా నది పారే మైదానం. మైపాడు సముద్రతీరం నుండి నెల్లూరు పట్టణానికి సుమారు 25 కిలోమీటర్లు. నెల్లూరు నుండి పెంచలకోనకు సుమారు 80 కిలోమీటర్లు. అంటే నూరు కిలోమీటర్లకు కాస్త పైబడిన దూరంలోనే ఉప్పుగాలి తగిలే ఇసుకతీరం, వరిమళ్ళ చదునునేల, నిమ్మతోటల మెట్టభూమి, ఎర్రచందనం పెరిగే అడవికొండ వరుసగా ఎదురవుతాయి. వ్యాయామం నేర్పేవారు సులువైనదాని నుండి కష్టమైనదానికి మెట్టుమెట్టుగా పొమ్మంటారు. ఆ మెట్లను మన నేలే కట్టి ఇచ్చింది. వాటిని వరుస తప్పకుండా ఎక్కడమే ఈ విషయంలో మనం చేయవలసిన పని.

తీరం: గాలి అనే కొండ

మొదటి మెట్టు నెల్లూరు నుండి ఇందుకూరుపేట మీదుగా మైపాడుకు పోయే రోడ్డు. ఇరువైపులా వరిపొలాలు, తరువాత రొయ్యల గుంటలు, తీరం దగ్గరపడగానే బకింగ్‌హామ్ కాలువ. ఒకప్పుడు పడవల మీద సరుకులు మోసిన ఆ కాలువను దాటితే సముద్రం. దారి పొడవునా చెప్పుకోదగిన మిట్ట లేదు. కాబట్టి ఇది అతి సులువైన దారి అని అందరూ అనుకొంటారు. గాలి వీచనంత వరకు అది నిజమే.

సైకిలు తొక్కేవాడికి ఎదురుగాలి కంటికి కనబడని కొండ. డెబ్బై కిలోల మనిషి గంటకు 15 కిలోమీటర్ల వేగంతో చదునునేల మీద పోతున్నాడనుకొందాం. అంతే వేగంతో గాలి ఎదురుగా వీచినప్పుడు ఆయన వేగం తగ్గించకుండా పోదలచుకొంటే, కాళ్ళు చేయవలసిన పని రెండింతలకు పైగా పెరుగుతుంది. రోడ్డు మారలేదు, దూరం మారలేదు, గుండె మీద భారం మాత్రం మారింది. ఈ సంగతి తెలియనివారు "నిన్న హాయిగా పోయాను, ఈరోజు ఎందుకో నీరసంగా ఉంది" అని కంగారు పడుతుంటారు.

మన తీరంలో తెల్లవారుజామున గాలి సాధారణంగా మందంగా ఉంటుంది. పొద్దెక్కి నేల వేడెక్కేకొద్దీ సముద్రం మీది గాలి నేల వైపు వీస్తుంది. కనుక నెల్లూరు నుండి వేకువనే బయలుదేరి మైపాడు చేరి, పొద్దెక్కిన తరువాత వెనుదిరిగేవారికి గాలి వీపున ఉండి తోడ్పడుతుంది. తీరగ్రామాల వారికి ఇది తలకిందులు. వారు పట్టణం వైపు వచ్చి తిరిగి పోయేటప్పుడు, అలసిన తరువాత ఎదురుగాలి తగులుతుంది. వారు తిరుగు ప్రయాణానికి సగానికి మించిన శక్తిని మిగుల్చుకోవాలి.

తీరంలో రెండవ చిక్కు చెమట. చెమట కారడం వలన ఒళ్ళు చల్లబడదు. అది ఆరిపోవడం వలన చల్లబడుతుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ గనుక చెమట కారుతుందే గాని త్వరగా ఆరదు. ఒంట్లోని ఉప్పూ నీరూ పోతాయి, వేడి మాత్రం లోపలే నిలుస్తుంది. వయస్సు పైబడినవారిలో దాహం తెలిసే శక్తి కూడా తగ్గుతుంది. అందుచేత దాహమయ్యే దాకా ఆగకుండా పావుగంటకు ఒకసారి కొద్దికొద్దిగా తాగాలి. గంటకు మించిన ప్రయాణమైతే ఉత్త నీళ్ళే పట్టుగా తాగడం మంచిది కాదు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మనకు తెలిసిన మంచి పానీయం. గుండె నీరసించినవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎంత నీరు, ఎంత ఉప్పు అన్నది తమ వైద్యుని అడిగే నిర్ణయించుకోవాలి.

పొదలకూరు దారి: తెలియని మిట్ట

రెండవ మెట్టు నెల్లూరు నుండి పడమటగా పొదలకూరుకు పోయే దారి. సుమారు 30 కిలోమీటర్లు. వరిమళ్ళు పలచబడి ఎర్రనేలలు, నిమ్మతోటలు మొదలవుతాయి. పొదలకూరు నిమ్మకాయల మార్కెట్టు పేరు విననివారు మన ప్రాంతంలో అరుదు. ఈ దారిలో నేల ఎంత మెల్లగా లేస్తుందంటే కన్ను దానిని చదునుగానే చూస్తుంది. మోకాళ్ళు మాత్రం గ్రహిస్తాయి.

ఇక్కడే సీటు ఎత్తు సంగతి చెప్పాలి. మనలో ఎక్కువమంది రెండు పాదాలు నేలకు ఆనేలా సీటు కిందికి దించుకొంటారు. పడిపోతామన్న భయం అందుకు కారణం. సీటు కిందుగా ఉంటే ప్రతి తొక్కుడుకూ మోకాలు ఎక్కువగా మడతపడి, మోకాలిచిప్ప వెనుక ఒత్తిడి పెరుగుతుంది. చదునులో ఇది తెలియదు. మిట్ట ఎక్కిన మర్నాడు మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. సరిచూసుకొనే పద్ధతి సులువు. సీటుపై కూర్చొని, పెడలు పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మడమ దానిపై ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడలుపై ఉంటుంది గనుక మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. ఒక్కసారిగా పెంచడానికి భయపడేవారు వారానికి ఒక వేలి మందం చొప్పున పెంచుకోవచ్చును.

పొదలకూరు దాటి రాపూరు వైపు సాగితే కండలేరు జలాశయ ప్రాంతం. పెన్న మీది సోమశిల నుండి వచ్చిన నీరు ఇక్కడ నిలిచి, కాలువ మీదుగా చెన్నపట్నం దాహం తీర్చడానికి పోతుంది. తెలుగు గంగ అని మనం పిలుచుకొనేది ఈ ఏర్పాటునే. పది కిలోమీటర్లకు పైబడిన మట్టికట్ట, దాని వెనుక నీలపు వెలిగొండ వరుస. ఇక్కడికి వచ్చినవారికి కొండ ఎక్కాలన్న కోరిక కలగడం సహజం. ఎక్కే ముందు మిట్ట మీద శరీరం పడే శ్రమ ఎట్టిదో తెలుసుకోవాలి.

మిట్ట మీద శరీరం

నూరు అడుగులు ముందుకు పోయినప్పుడు ఆరు అడుగులు పైకి లేచే రోడ్డును ఆరు శాతం వాలు అంటారు. డెబ్బై కిలోల మనిషి, పదిహేను కిలోల సైకిలు, సామాను కలిసి నిలువున నూరు మీటర్లు పైకి చేరడానికి శరీరం ఖర్చు పెట్టే శక్తి దాదాపు 80 కిలోక్యాలరీలు. రెండు చిన్న ఇడ్లీలు ఇచ్చేపాటి శక్తి కంటే ఇది మరీ ఎక్కువ కాదు. కనుక కొండ ఎక్కితే కొవ్వంతా కరిగిపోతుందన్నది అపోహ. గుండెకు ముఖ్యమైనది మొత్తం పని కాదు, ఆ పనిని ఎంత సేపట్లో చేయిస్తున్నామన్నది.

ఆరు శాతం వాలును గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కడం అరవై దాటిన చాలామందికి తమ శక్తి హద్దును తాకే శ్రమ. అదే వాలును గంటకు 5 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే శ్రమ దాదాపు సగమవుతుంది. చదునులో వేగంగా పోయేవాడు అలసినప్పుడు కాళ్ళు ఆపినా సైకిలు కొంతదూరం దొర్లుతుంది, గుండెకు ఊపిరి సలుపుతుంది. మిట్ట మీద ఆ వీలు లేదు. కాలు ఆపితే సైకిలు ఆగుతుంది. అందుచేత మిట్ట మీద అదుపు మొదటి నిమిషం నుండే ఉండాలి.

ఆ అదుపుకు కొలత ఏది? చేతికి కట్టుకొనే గడియారాలు నాడి చూపుతాయి. కాని రక్తపోటుకు, గుండెజబ్బుకు వాడే మెటొప్రొలాల్ వంటి బీటా బ్లాకర్ మందులు నాడి వేగాన్ని అణచిపెడతాయి. వాటిని వాడేవారి శరీరం ఎంత కష్టపడుతున్నా గడియారం తక్కువ అంకెనే చూపవచ్చును. అంతకంటే నమ్మదగిన కొలత మన నోటిలోనే ఉంది. పక్కనున్నవారితో ఒక పూర్తి వాక్యం ఆయాసం లేకుండా చెప్పగలిగితే శ్రమ మితంగా ఉంది. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవలసి వస్తే శ్రమ తీవ్రమైంది, వేగం తగ్గించాలి. తగ్గించినా మాట కుదురుకోకపోతే దిగి నడవాలి. దీనికి యంత్రం అక్కరలేదు, ఖర్చు లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మిత వ్యాయామం సూచిస్తున్నది. మాట తెగని శ్రమే ఆ మిత వ్యాయామం. ఇంకొక సంగతి. సైకిలు మీద శరీర బరువు సీటు మోస్తుంది గనుక ఎముకలకు సైకిలు వలన బలం చేకూరదు. ఎముకలు గుల్లబారే వయస్సులో నడక, కండరాలకు పట్టునిచ్చే కసరత్తు కూడా కావాలి. మిట్ట మీద దిగి సైకిలు నెట్టుకొంటూ నడవడం కాళ్ళ ఎముకల మీద బరువు మోపుతుంది. దిగడం చిన్నతనం కాదనడానికి ఇదొక వైద్య కారణం.

ఫ్రాన్సు దేశపు ఒక పెద్దమనిషి

కొండదారుల్లో సైకిలు యాత్రకు పేరుపొందిన దేశం ఫ్రాన్సు. అక్కడ సెయింట్ ఎటియెన్ పట్టణంలో పాల్ ద వివీ అనే ఆయన ఉండేవారు. 1853లో పుట్టి 1930లో మరణించారు. వెలోసియో అనే కలం పేరుతో సైకిలు పత్రిక నడిపారు. శాకాహారి. ఆ పట్టణానికి సమీపంలోని దట్టమైన అడవి గుండా 1161 మీటర్ల ఎత్తుకు పోయే కొండదారి ఆయనకు ప్రయోగశాల. 1903లో మొదలైన టూర్ ద ఫ్రాన్స్ పందెం ఆ మొదటి ఏడే ఆ దారి మీదుగా సాగింది.

ఆయన జీవితమంతా చెప్పిన సంగతి ఒకటే. కొండ ఎక్కడానికి కాలి బలం కంటే సరైన గేరు ముఖ్యం. ఆ కాలపు సైకిళ్ళకు ఒకే గేరు. టూర్ ద ఫ్రాన్స్ స్థాపకుడు ఆన్రీ దెగ్రాంజ్ గేర్లకు వ్యతిరేకి. గేర్లు నలభై ఐదు దాటినవారికే తగినవని 1902లో రాశాడు. గేరు మార్చే డెరైలర్ పరికరాన్ని ఆ పందెంలో 1937 దాకా అనుమతించలేదు. ఆయన ఎగతాళిగా అన్న మాటను మనం వైద్య సలహాగా స్వీకరించవచ్చును. నలభై ఐదు దాటినవారమే కదా మనం.

తక్కువ గేరులో పెడలు తేలికగా తిరుగుతుంది, సైకిలు నెమ్మదిగా సాగుతుంది. నిమిషానికి అరవై, డెబ్బై చుట్లు తిరిగేలా గేరు ఎంచుకొంటే మోకాళ్ళపై బరువు తగ్గుతుంది. బలమంతా ఉపయోగించి పళ్ళు బిగబట్టి ఒక్కొక్క చుట్టూ తిప్పేవాడు తెలియకుండానే ఊపిరి బిగపడతాడు, హ్యాండిలు గట్టిగా పిడికిలి పడతాడు. ఆ రెండూ రక్తపోటును ఎగదోస్తాయి. కొండకు పోదలచినవారు ఖరీదైన సైకిలు కొనవలసిన పని లేదు, కాని తేలిక గేర్లు ఉన్నదే కొనాలి. మన పాత ఒంటిగేరు సైకిలు మైపాడు దారికి చాలును, వెలిగొండకు చాలదు.

యాత్రికులకు వెలోసియో చెప్పిన నియమాలలో నాకు నచ్చినవి నాలుగు. ఆకలి వేయకముందే తినాలి. దాహం వేయకముందే తాగాలి. మరునాడు ఆకలి, నిద్ర చెడేటంతగా అలసిపోకూడదు. గొప్పకోసం తొక్కకూడదు. ఈనాటి వ్యాయామశాస్త్రం వీటిలో తీసివేయదగినది ఏదీ చూపలేదు.

ఫ్రాన్సు కొండదారులలో చాలాచోట్ల కిలోమీటరుకు ఒక రాయి ఉంటుంది. దాని మీద శిఖరం ఇంకెంత దూరమో, రాబోయే కిలోమీటరులో వాలు ఎంత శాతమో రాసి ఉంటుంది. ఎక్కేవాడు తన శక్తిని ముందుగా పంచుకోవడానికి అది ఎంతో ఉపకరిస్తుంది. మన ఘాట్ రోడ్లలో మలుపు గుర్తు, హారను గుర్తు ఉంటాయి. వాలు శాతం కూడా రాస్తే సైకిలు తొక్కేవారికే కాదు, లారీ నడిపేవారికి కూడా మేలు.

ఒక మాస్టారి ప్రయాణం

ఈ సిద్ధాంతాలన్నీ ఒక మనిషి విషయంలో ఎలా వర్తించాయో చెబుతాను. ఆయన తీరప్రాంతపు గ్రామంలో పనిచేసి విరమించిన ఉపాధ్యాయుడు, వయస్సు 64. మూడేళ్ళ క్రితం గుండెకు స్టెంటు పడింది. చిన్నతనంలో తల్లి ఆయనను ఎద్దుల బండిలో పెంచలకోన తిరునాళ్ళకు తీసుకుపోయేదట. నరసింహస్వామి చెంచులక్ష్మిని పరిణయమాడి వెలసిన చోటని మన ప్రాంతమంతా నమ్మే కోన అది. పెంచలయ్య, పెంచలమ్మ అన్న పేర్లు లేని ఊరు మన దగ్గర కనబడదు. ఒక్కసారి సైకిలు మీద అక్కడికి పోయి రావాలని ఆయన కోరిక.

నన్ను అడగడానికి దంపతులిద్దరూ వచ్చారు. ఆయన కోరిక చెప్పారు. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి చివరకు అన్నది: "అన్నయ్యా, మీరు వద్దంటే ఈయన మానుకొంటారు. మీరు పొమ్మంటే నేను అడ్డుపడను. కాని మీ మాట మీదనే పంపుతున్నానని గుర్తుంచుకోండి."

వైద్యునికి ఇంతకు మించిన బరువు లేదు. వద్దనడం సులువు. వద్దన్న వైద్యునికి ఏ నిందా రాదు. కాని గుండెజబ్బు వచ్చిన మనిషిని కుర్చీకి కట్టివేస్తే ఆ జబ్బు తగ్గదు. తగిన పర్యవేక్షణలో క్రమంగా పెంచే వ్యాయామం స్టెంటు పడినవారి చికిత్సలో భాగమే. నేను పొమ్మనలేదు, వద్దనలేదు. నాలుగు నెలలు సిద్ధం కండి, తరువాత చూద్దామన్నాను.

మొదట ఆయన గుండె వైద్యుని వద్ద ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్షలు జరిగాయి. ఆ వైద్యుడు సమ్మతించిన తరువాతనే సెప్టెంబరులో మొదలుపెట్టాము. తొలి నెల ఊరి రోడ్ల మీద వారానికి నాలుగు రోజులు, రోజుకు అరగంట. రెండవ నెల గంట. నవంబరు వానలు, తుపాను హెచ్చరికలు రెండు వారాలు తినివేశాయి. ఆ రోజుల్లో ఇంటి వరండాలో నడక. డిసెంబరులో నెల్లూరు, మైపాడు రానుపోను 50 కిలోమీటర్లు. ఆ మరునాడు ఆయన ఆకలి, నిద్ర మామూలుగా ఉన్నాయా అని ఆమెనే అడిగాను. ఉన్నాయని ఆమె చెప్పిన తరువాతనే పొదలకూరు దారికి అనుమతి. ఒప్పందం ఒకటే: మాట తెగితే దిగాలి, ఎవరూ బలవంతపెట్టకూడదు.

జనవరిలో రెండు రోజుల ప్రయాణంగా బయలుదేరాము. ఆమె వెనుక కారులో మజ్జిగ, మందుల సంచి పెట్టుకొని వచ్చారు. మొదటి రాత్రి రాపూరులో బస. రెండవ ఉదయం కోన దారి. చివరి కొన్ని కిలోమీటర్లు అడవి ఇరువైపులా దగ్గరగా వస్తుంది, రోడ్డు మెల్లగా లేస్తుంది. మాతో ఉన్న ఇద్దరు యువకులు ముందుకు సాగి, వెనుదిరిగి చూస్తూ "ఇంకొంచెమే మాస్టారూ" అని హుషారు చేస్తున్నారు. గుడి రెండు కిలోమీటర్లకు మించి ఉండదు. నేను ఏదో అడిగాను. ఆయన జవాబు సగంలో ఆగింది. బ్రేకు వేసి, నేల మీద కాలు పెట్టి, ఊపిరి కుదురుకొన్న తరువాత అన్నారు: "మాట తెగింది డాక్టరుగారూ. దిగాను."

నొప్పి లేదు, చెమట అసహజంగా లేదు, నాడి పది నిమిషాలలో మామూలయింది. మిగిలిన దారి సైకిలు నెట్టుకొంటూ నడిచారు. ఆమె కూడా కారు దిగి పక్కన నడిచింది. యువకులకు కొంత నిరాశ. వైద్యునిగా నాకు మాత్రం ఆ ప్రయాణం మొత్తంలో అన్నింటికంటే తృప్తినిచ్చిన క్షణం అది. ఆయన గుండె ఎంత బలపడిందో పరీక్షలు చెప్పగలవు. ఆగవలసిన చోటును ఆయన తనంతట తాను గుర్తించగలరా అన్నది ఏ పరీక్షా చెప్పదు. అది ఆ మిట్ట మీదనే తెలిసింది.

తిరిగి వచ్చిన వారానికి ఆయన రాపూరు నుండి కొండలు దాటి చిట్వేలుకు పోయే ఘాట్ రోడ్డు సంగతి ఎత్తారు. అది మలుపులు తిరిగే నిజమైన కొండదారి. ఎడతెగని ఎక్కుడు, వెంటనే నిడుపాటి దిగుడు. ఆ దారి మీకు వద్దన్నాను. ఆయన వాదించలేదు.

దిగుడులో పొంచిన ప్రమాదం

కొండ ఎక్కేటప్పుడు భయపడినవారు దిగేటప్పుడు భయం మరచిపోతారు. గుండెకు ప్రమాదం ఎక్కుడులో ఉంటే, ఎముకలకు ప్రమాదం దిగుడులో ఉంది. ఎక్కడం ముగియగానే ఒక్కసారిగా ఆగి నిలబడకూడదు. కాళ్ళ కండరాలలో రక్తం నిలిచి తల తిరగవచ్చును. రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా నడిచి, ఆ తరువాత దిగుడు మొదలుపెట్టాలి. రెండు బ్రేకులూ కలిపి, విడిచి విడిచి పట్టాలి. మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు. ఎదురుగా వచ్చే బస్సు మలుపులో తన సగాన్ని దాటి వస్తుందనే అనుకోవాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలచబరచే మందులు వాడేవారు పడితే రక్తస్రావం ఎక్కువ. తలకు దెబ్బ తగిలితే పైకి బాగున్నా ఆసుపత్రికి పోవాలి. హెల్మెట్ లేకుండా దిగుడులో సైకిలు ఎక్కవద్దు.

ఎవరికి ఏ జాగ్రత్త

మధుమేహులలో ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి దారిలో చక్కెర పడిపోయే అవకాశం ఉంది. బయలుదేరే ముందు చూసుకొని 100 కంటే తక్కువ ఉంటే ఏదైనా తిని కదలాలి. జేబులో చక్కెర గాని గ్లూకోజు గాని ఉండి తీరాలి. సుదీర్ఘ వ్యాయామం ప్రభావం ఆ రాత్రి దాకా ఉంటుంది గనుక నిద్రలో చెమటలు, కలవరం వస్తే ఇంటివారు అప్రమత్తం కావాలి. పాదాలలో స్పర్శ తగ్గినవారు ప్రయాణం తరువాత పాదాలు పరిశీలించుకోవాలి.

రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారికి చెమటతో నీరు మరింత తగ్గి, సైకిలు దిగినప్పుడు కళ్ళు తిరగవచ్చును. మందు మోతాదు సంగతి వైద్యునితో మాట్లాడాలి, సొంతంగా మానకూడదు. పురుషులకు ఇరుకైన సీటు మీద ఎక్కువసేపు కూర్చొంటే తొడల నడుమ తిమ్మిరి కలుగుతుంది. తిమ్మిరి అంటే నరం నొక్కుకొన్నదని అర్థం. పది నిమిషాలకొకసారి సీటు నుండి లేవాలి, వెడల్పు సీటు వేయించుకోవాలి.

ఛాతీలో బరువు, దవడకు గాని ఎడమచేతికి గాని పాకే నొప్పి, చల్లని చెమట, అకారణంగా వికారం, కళ్ళు చీకట్లు కమ్మడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ప్రయాణం అక్కడితో ముగిసినట్లే. గ్యాసు అని సర్దుకోవద్దు. కూర్చోండి, నాలుక కింద పెట్టుకొనే మాత్ర మీ వైద్యుడు రాసి ఉంటే వాడండి, 108కి ఫోను చేయించండి. కొండల నడుమ ఫోనుకు సిగ్నలు అన్నిచోట్లా దొరకదు. కాబట్టి ఒంటరిగా ఎవరూ పోకూడదు.

కాలం కూడా ముఖ్యమే. అక్టోబరు నుండి డిసెంబరు తొలి భాగం దాకా మనకు వానలు, తుపానులు. ఏప్రిల్ నుండి జూన్ దాకా ఎండ, పడమటి వడగాడ్పు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో పెంచలకోన దారి పట్టడం భక్తి కాదు, అవివేకం. డిసెంబరు సగం నుండి ఫిబ్రవరి చివరి దాకా ఉన్న పదివారాలే ఈ దారికి తగినవి. అప్పుడు కూడా ఉదయపు మంచులో దీపం వెలిగించుకొనే పోవాలి.

అడవి మర్యాద

పెంచలకోన చుట్టుపట్ల అడవి పెనుశిల నరసింహ వన్యప్రాణి అభయారణ్యం. ఎర్రచందనం ఉన్న అడవి గనుక అటవీశాఖ నిఘా గట్టిగా ఉంటుంది. రోడ్డు విడిచి లోపలికి పోవద్దు. చీకటి పడకముందే ఊరు చేరాలి. ఎలుగుబంట్లు సంధ్యవేళలో తిరుగుతాయి. కోతులకు తిండి వేయడం వలన అవి మలుపులలో కాచుకొని ఉంటాయి, సైకిలుకు అడ్డుపడతాయి. ఫిబ్రవరి తరువాత ఆకు రాలి నేల ఎండుటాకుతో నిండుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. తెచ్చుకొన్న ప్లాస్టిక్ సీసా తిరిగి మనతోనే రావాలి.

మన జిల్లా పల్లెరోడ్ల మీద బడికి సైకిళ్ళపై పోయే ఆడపిల్లలను చూస్తుంటాము. 'బడికొస్తా' పథకం కింద ఒకప్పుడు తొమ్మిదో తరగతి బాలికలకు ప్రభుత్వం సైకిళ్ళు ఇచ్చింది. ఆ పిల్లల అమ్మలు, అమ్మమ్మలు కూడా ఆ సైకిలు తీసి ఊరి చుట్టూ ఒక చుట్టు తిరగవచ్చును. నా వ్యాసం చదివేవారిలో మగవారే కొండ సంగతి అడుగుతున్నారు. మోకాళ్ళ నొప్పి, అధిక బరువు, చక్కెరజబ్బుతో నా వద్దకు వచ్చినవారిలో సగం మంది స్త్రీలు. మైపాడు దారి వారికి కూడా చదునుగానే ఉంటుంది.

కొండ ఎక్కవచ్చునా అన్న ప్రశ్నకు ఇక సమాధానం చెప్పవచ్చును. చదునులో గంటసేపు మాట తెగకుండా తొక్కగలిగి, మీ వైద్యుడు సమ్మతించి, తేలిక గేరు ఉన్న సైకిలు, తోడు ఉన్నవారైతే, నాలుగు నెలల సాధన తరువాత పెంచలకోన దారి మీకు అందుతుంది. చిట్వేలు ఘాట్ రోడ్డు మీకు తగినదా కాదా అన్నది కోన దారిలో మీరు ఎక్కడ దిగారో, మరునాడు ఎలా లేచారో చూసి నిర్ణయించుకోవచ్చును. ఆ నాలుగు నెలలు కొండకు ముందు కట్టే రుసుము అనుకోవద్దు. రక్తపోటుకు, చక్కెరకు, గుండెకు కలిగే మేలులో చాలాభాగం ఆ నెలల్లోనే, మన ఊరి రోడ్డు మీదనే కలుగుతుంది. ఈ వారం సైకిలు దుమ్ము దులిపి, టైర్లకు గాలి కొట్టించి, సీటు ఎత్తు సరిచూసుకోండి. తక్కినది తరువాత మాట్లాడుకొందాం.